ముందు నడిచిన పేరయ్య, వెనక వెళ్లిన దొర

ఒంగోలు వైపు వాళ్లకు క్లౌ ఎవరో చెప్పనక్కర్లేదు. ఆసుపత్రికి కూడా ఆ పేరు పెట్టారు. పేరుతోపాటు ఒక కథ కూడా అందరికీ తెలుసు. అమెరికా నుంచి ఓడెక్కి వచ్చిన ఓ కుర్ర దొర తెలుగు నేర్చుకుని, 1876 నాటి ధాత కరువులో జనానికి పనీ కూడూ చూపించి, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇప్పించాడన్నది ఆ కథ. మెచ్చేవాళ్లు దాన్ని దైవలీల అంటారు. కిట్టనివాళ్లు కూటి కోసం మతం మార్చుకున్నారంటారు. విచిత్రమేమిటంటే ఈ ఇద్దరూ చెప్పేది ఒకటే కథ. రెండింట్లోనూ చేసినవాడు దొర, చేయించుకున్నవాళ్లు జనం. కాయితాల్లో మిగిలిన సాక్ష్యాన్ని వరస తప్పకుండా చదివితే ఈ కథ తలకిందులవుతుంది. పరాయి దేశంలో సేవకు వచ్చిన ఆ యువకుడు ప్రతి ముఖ్యమైన మలుపులోనూ తన సొంత పథకాన్ని వదిలి, స్థానికులు అప్పటికే పట్టిన దారిలో వెనక నడిచాడు. ఆయన సాధించినదానికి మూలం ఆ నడకేనని నా వాదన. ఇది క్లౌను చిన్నబుచ్చే మాట కాదు. అలా వెనక నడవడానికి ఆయన ఎంతమందితో తగవు పడాల్సి వచ్చిందో చూస్తే ఆ సంగతి తెలుస్తుంది.

జాన్ ఎవరెట్ క్లౌ 1836లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు, పశ్చిమాన అయోవా వైపు పెరిగాడు. పదిహేడేళ్లకే మిన్నెసోటాలో ప్రభుత్వ సర్వే బృందంతో కలిసి అడవుల్లో గొలుసు పట్టి భూములు కొలిచాడు. వకీలు కావాలనుకున్నాడు. మధ్యలో మతంలోకి మళ్లి, ఊరూరా తిరిగి క్రైస్తవ పుస్తకాలు అమ్మే పనిలో కుదిరాడు. 1864 నవంబరు చివర్లో భార్య హారియెట్‌తో, పసిబిడ్డతో బోస్టన్‌లో ఓడెక్కేనాటికి వయసు 28. దేశంలో అంతర్యుద్ధం ఇంకా సాగుతోంది. నాలుగు నెలలు దాటిన ప్రయాణం తర్వాత 1865 ఏప్రిల్‌లో మద్రాసులో దిగేసరికి అమెరికాలో యుద్ధం ముగింపుకొచ్చింది. ఆయన చేరబోతున్న మిషన్ పరిస్థితి మాత్రం అంతంతమాత్రమే. శామ్యూల్ డే 1836లో మొదలుపెట్టి, 1840లో నెల్లూరికి మార్చిన ఈ అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషన్‌ను మూసేద్దామా అని అమెరికాలోని బోర్డు ఒకటికి రెండుసార్లు చర్చించింది. పటం మీద ఒంటరిగా కనిపించే చుక్క కాబట్టి దానికి ‘ఒంటరి నక్షత్రం’ అన్న పేరు కూడా పడింది. అక్కడి మిషనరీ లైమన్ జ్యూయెట్ పట్టుబట్టబట్టి అది బతికింది. పాతికేళ్లకు పైబడిన శ్రమ తర్వాత కూడా సంఘ సభ్యులు పదుల్లోనే ఉన్నారు. సర్వేలో పొలం గట్లు తేల్చిన కుర్రాడికి ఇలాంటి లెక్క నచ్చేది కాదు. నచ్చలేదు కూడా.

ఆ లెక్క ఎందుకు అలా ఉందో తెలియాలంటే అప్పటి మిషనరీల ఆలోచన తెలియాలి. ముందు బ్రాహ్మణుల్ని, పెద్ద కులాల్ని చదువుతో ఆకట్టుకుంటే మిగతా సమాజం వాళ్ల వెంట తనే వస్తుందన్నది ఆ రోజుల్లో బలమైన నమ్మకం. ఈ కోస్తాలోనే దానికి గట్టి ఉదాహరణ ఉంది. కేంబ్రిడ్జిలో చదివిన రాబర్ట్ నోబుల్ 1841లో మచిలీపట్నం వచ్చి, 1843లో బడి పెట్టి, పై కులాల పిల్లలకు ఇంగ్లీషు చదువు చెప్పాడు. అంటరాని కులాల పిల్లలకు ఆ బడిలో చోటివ్వలేదు. మళ్లీ స్వదేశం ముఖం చూడకుండా 1865లో అక్కడే పోయాడు. క్లౌ మద్రాసులో దిగిన ఏడాదే అది. నోబుల్ నిబద్ధతను శంకించే పని లేదు. ఆయన బడి ఆంధ్రకు మంచి ఉద్యోగుల్ని, న్యాయవాదుల్ని ఇచ్చింది. క్రైస్తవంలోకి వచ్చినవాళ్లను మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, వాళ్ల వెంట సమాజమేమీ కదల్లేదు. 1866లో ఒంగోలులో కాపురం పెట్టిన క్లౌ కూడా ఇదే దారిలో మొదలుపెట్టాడు. పట్టణంలోని బ్రాహ్మణ కుటుంబాలు పిల్లలకు బడి కావాలన్నాయి, ఆయన సంతోషంగా పెట్టాడు. వచ్చిన కొత్తవాడెవరైనా ఆ స్థానంలో చేసే పనే అది.

ఇక్కడ యర్రగుంట్ల పేరయ్య ప్రవేశిస్తాడు. నిజానికి ప్రవేశించింది క్లౌ, పేరయ్య అప్పటికే రంగం మీద ఉన్నాడు. ఒంగోలుకు 40 మైళ్ల దూరంలోని తాళ్లకొండపాడు ఆయన ఊరు. కులం మాదిగ, వ్యాపారం తోళ్లు. క్రైస్తవం వినకముందే ఆయన వీరమ్మ అనే గురువు దగ్గర రాజయోగం నేర్చి, తను కూడా శిష్యులకు చెప్పే స్థాయికి వచ్చాడు. ఆ చుట్టుపక్కల మాదిగపల్లెల్లో విగ్రహాలు వద్దు, దేవుడొక్కడే అనే గురువుల బోధలు అప్పటికే తిరుగుతున్నాయి. నాసరయ్య అనే యోగి బోధ అందులో ఒకటి. తోళ్ల బేరం మీద ఉత్తరాన గోదావరి వైపు వెళ్లినప్పుడు పేరయ్య అక్కడి మిషనరీల మాట విన్నాడు, తను వెతుకుతున్నది ఇదేననుకున్నాడు. వచ్చి తనవాళ్లకు చెప్పడం మొదలుపెట్టాడు. 1866లో ఆయన, భార్య బాప్తిస్మం తీసుకున్నారు. కొన్ని నెలల తర్వాత, మా ఊరి దగ్గర మనుషులు సిద్ధంగా ఉన్నారు, వచ్చి చూడమని దొరకు కబురు పెట్టాడు. 1867 జనవరిలో క్లౌ వెళ్లాడు. తాళ్లకొండపాడు దగ్గర చింతతోపులో కొన్ని రోజులు కూర్చుని మాట్లాడాక 28 మందికి బాప్తిస్మం ఇచ్చాడు. పాతికేళ్లలో నెల్లూరు మిషన్‌కు దక్కనిది ఒక వారంలో ఎలా దక్కిందని అడిగితే, ఆ వారం వెనక పేరయ్య తిరిగిన నెలలున్నాయన్నదే జవాబు. ఆ నెలల్లో క్లౌ పాత్ర ఏమీ లేదు, తెలుగు పాఠాలు వల్లెవేసుకోవడం తప్ప.

ఒక సందేహం రావాలి, వస్తుంది. పేరయ్య గురించి మనకు తెలిసినదంతా మిషన్ పుస్తకాల నుంచే కదా, వాటిని ఎంతవరకు నమ్మాలి? ప్రధాన ఆధారం క్లౌ ఆత్మకథ. ఆయన 1910లో పోయాక నాలుగేళ్లకు, రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ దాన్ని సిద్ధం చేసి ప్రచురించింది. మాదిగ గురువుల గురించి, బోధకుల గురించి అంతకుముందే 1899లో ఆమె మరో పుస్తకం రాసింది. మామూలు మిషనరీ భార్య అనుకోవద్దు. మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద పరిశోధన చేసి స్విట్జర్లాండులోని బెర్న్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు తెచ్చుకున్న విదుషి, సామాజిక క్రైస్తవ సిద్ధాంతకర్త వాల్టర్ రౌషెన్‌బుష్‌కు అక్క. అయినా దొరలు రాసుకున్నదే, పక్షపాతం ఉంటుంది. కానీ ఆ పక్షపాతం ఎటు మొగ్గాలి? మిషన్ పుస్తకం మిషనరీని పెద్ద చెయ్యడం సహజం, చందాలిచ్చేవాళ్లు చదవాలి కదా. అలాంటి పుస్తకమే, ముందు వచ్చినవాడు పేరయ్య, దారి చూపినవాడు పేరయ్య అని చెబుతుంటే, తమ గొప్పకు అడ్డొచ్చే సంగతిని ఊరికే కల్పించరు. కోర్టులో కూడా సాక్షి తనకు నష్టం కలిగేలా చెప్పిన మాటకు విలువెక్కువ.

28 మంది మాదిగలు సంఘంలో చేరిన వార్త ఒంగోలు చేరగానే బడి విషయం తేలిపోయింది. వీళ్లను చేర్చుకుంటే మా పిల్లల్ని పంపబోమని పై కులాల పెద్దలు చెప్పారు. క్లౌ తటపటాయించాడు. ఆ తటపటాయింపును ఆత్మకథ దాచలేదు. ఒకే రాత్రి తనూ హారియెట్టూ వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకటే భాగం కనిపించిందని ఆయన చెప్పుకున్నాడు. లోకం నీచంగా చూసినవాళ్లను దేవుడు ఎన్నుకున్నాడనే కొరింథీయుల పత్రికలోని మాటలవి. అది యాదృచ్ఛికమో, నిదర్శనమో పాఠకుల నమ్మకానికి వదిలేద్దాం. నా దృష్టిలో ముఖ్యమైంది వరస. మాదిగలు ముందు వచ్చారు, వాళ్ల రాకతో బడి చిక్కులో పడింది, ఆ తర్వాతే సిద్ధాంతం వచ్చింది. అణగారినవాళ్ల మధ్య పనిచేస్తానని ప్రతిజ్ఞ పట్టి ఆయన అమెరికాలో ఓడెక్కలేదు. తన దగ్గరికి నడిచొచ్చినవాళ్లను పొమ్మనలేక ఆ నిర్ణయానికి వచ్చాడు. బడి పోయింది. పట్టణంలో పరపతి కూడా చాలావరకు పోయింది.

సంఘంలో చేరేవాళ్లకు పెట్టిన షరతులు మూడు. ఆదివారం పని చెయ్యకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. అమెరికా కళ్లతో చూస్తే ఇవి మతనియమాలు. ఊరి కళ్లతో చూస్తే ఇవి ఊరి ఆర్థిక ఏర్పాటును మూడుచోట్ల తెంచే నియమాలు. ఊళ్లో గొడ్డు చచ్చితే ఈడ్చుకెళ్లాల్సింది మాదిగ. దాని తోలు చెప్పులై, ఎద్దుల వార్లై, కపిల బావుల మీద నీళ్లు తోడే బానలై మళ్లీ రైతు ఇంటికి రావాలి. ఆ మాంసమే ఆయనకు దక్కే కూలిలో ఒక వంతు. జాతరలో డప్పు కొట్టాల్సింది కూడా మాదిగే. డప్పు లేకుండా అమ్మవారి ఊరేగింపు కదలదు. కోతల కాలంలో ఆదివారమని పొలానికి రానంటే పంట రాలిపోతుంది. ఈ పనుల్లో చాలావాటికి మనిషి ఒప్పుకోవడమన్నదే లేదు, వెట్టి. కాబట్టి ఓ మాదిగ, ‘ఈ ఆదివారం నేను రాను’ అనడం ఊరికి మొదటిసారి వినిపించిన నిరాకరణ. కరణాలు, మునసబులు, పెత్తందార్లు దాన్ని వెంటనే గుర్తుపట్టారు, దొర కంటే ముందే. పనికి పిలవడం మానేశారు, దార్లు మూశారు, దొంగతనాలు అంటగట్టారు. తన షరతుల అసలు అర్థమేమిటో ఒంగోలు బంగళా వాకిట్లో చేరిన బాధితులు చెప్పుకునే ఫిర్యాదుల నుంచి క్లౌ నేర్చుకున్నాడు.

ఇక్కడ గట్టి ఆక్షేపణ ఒకటుంది. తెల్లతోలు, ఇంగ్లీషు మాట, కలెక్టరు కచేరీలోకి నేరుగా నడిచే చనువు లేకపోతే ఇదంతా జరిగేదా? ఆయన వెనక వలసరాజ్యం నీడ లేదా? ఉంది. కాదనడం అమాయకత్వం. క్లౌ అమెరికనే కావచ్చు, ఊరి కరణానికి ఆయన కూడా దొరే. ఆయన రాసిన ఉత్తరానికి ఇంగ్లీషు అధికారి జవాబిస్తాడు, పేరయ్య అర్జీకి ఇవ్వడు. మాదిగలు ఈ సంగతి తెలిసే వచ్చారనడంలో కూడా తప్పు లేదు. తమను మనిషిగా లెక్కించే అధికారం ఎక్కడైనా ఉందేమోనని వెతుక్కోవడం నేరమెలా అవుతుంది? కానీ ఈ నీడతోనే అంతా వివరించబోతే లెక్క కుదరదు. ఇదే నీడ నెల్లూరులో పాతికేళ్లు ఉంది, మచిలీపట్నంలో ఉంది, అక్కడ జనం కదల్లేదు. పైగా ఊరి దెబ్బలు పడింది బంగళాకు రోజుల నడక దూరంలో ఉన్న పల్లెల్లో. ఫిర్యాదు దొరను చేరేలోపు జరగాల్సింది జరిగిపోయేది. అయినా పల్లెలు వెనక్కి తగ్గలేదంటే ధైర్యం అక్కడే పుట్టి ఉండాలి.

సంఘం పెరిగిన తీరు కూడా ఇదే చెబుతుంది. మాదిగలకు గురువు అంటే ఎవరో ముందే తెలుసు. పల్లె పల్లెకూ తిరుగుతాడు, శిష్యుల ఇంట తింటాడు, వాళ్లిచ్చింది తీసుకుంటాడు, మళ్లీ కదులుతాడు. పేరయ్యలాంటి బోధకులు అదే పద్ధతిలో నడిచారు. పల్లె పెద్దలే సంఘ పెద్దలయ్యారు. మూడు నెలలకోసారి బోధకులంతా ఒంగోలు చేరి, ఎక్కడ ఏం జరిగిందో చెప్పి, కొన్నాళ్లుండి వెళ్లేవారు. అమెరికా నమూనా సంఘానికీ దీనికీ పోలిక తక్కువ. ముసలితనంలో క్లౌ ఈ పాత ఊరి కట్టుబాటునే తన పనికి పునాదిగా చెప్పుకున్నాడు, పాశ్చాత్య పద్ధతులు తెచ్చి దాని మీద రుద్దడం గురించి అంత ఉత్సాహం చూపలేదు.

1876లో వానలు మొహం చాటేశాయి. రెండేళ్లు దక్షిణాది మాడిపోయింది. చనిపోయినవాళ్లు తక్కువ లెక్క వేసినా 50 లక్షలకు పైమాటే. ప్రభుత్వం సహాయ పనులు పెట్టింది, ఖర్చు తగ్గించడానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో మగ కూలీకి రోజుకు పౌను ధాన్యం, ఒక అణా అని కోత పెట్టాడు. ఒంగోలు తీరం వెంబడి, కృష్ణా కాలువల్ని మద్రాసుతో కలిపే బకింగ్‌హామ్ కాలువ తవ్వకం అలాంటి పనుల్లో పెద్దది. పనుల దగ్గర కూడా కులం ఉంది. మేస్త్రీలు పై కులాలవాళ్లు, మాదిగ కూలీకి తిట్లూ దెబ్బలూ, కూలిలో కోతలూ. అప్పుడు క్లౌ మూడున్నర మైళ్ల కాలువను తనే కాంట్రాక్టు తీసుకున్నాడు. మిన్నెసోటా అడవుల్లో నేర్చిన కొలతలు ఇక్కడ అక్కరకొచ్చాయి. బోధకులను మేస్త్రీలుగా పెట్టాడు. కూలి లెక్క ప్రకారం చేతిలో పడేది, మధ్యాహ్నం ఆగినప్పుడు మేస్త్రీ పక్కన కూర్చుని పలకరించేవాడు. దూరదూరపు పల్లెల నుంచి వచ్చిన వేలమందికి తమ కులస్థుడే పైవాడుగా ఉండి తమను తిట్టకుండా పని చేయించడం అంతకుముందు ఎరగని అనుభవం.

కూటి క్రైస్తవులనే మాట ఇక్కడే పుడుతుంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యలేం. కరువు లేకపోతే 1878 లేదన్నది నిజం. అయితే ఈ అనుమానం అందరికంటే ముందు క్లౌకే వచ్చింది. సహాయ పనులు సాగినంత కాలం, దాదాపు 15 నెలలు, ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. పనులు ముగిసి, పంచడానికి డబ్బు లేదని చాటాక, 1878 జూన్‌లో మళ్లీ మొదలుపెట్టాడు. కూటి కోసమే అయితే కూడు ఆగిపోయాక రావడమెందుకు? దీనికి ఎదురు జవాబు కూడా ఉంది. మళ్లీ కరువొస్తే ఆదుకుంటాడన్న ఆశ ఉండదా అంటారు. ఉండొచ్చు. మనుషులు ఒకే కారణంతో పెద్ద నిర్ణయాలు తీసుకోరు, పెళ్లిళ్లే చేసుకోరు. కానీ కరువులో వాళ్లకు కనబడింది గంజి ఒక్కటే అనుకోవడం వాళ్లను తక్కువ చెయ్యడం. ప్రభుత్వ పనుల దగ్గరా గింజలు దొరికాయి, వాటికి కృతజ్ఞతగా ఎవరూ విక్టోరియా రాణి మతంలో చేరలేదు. తేడా అంతా పనిచేయించిన తీరులో ఉంది.

జులై 3 సంగతి కూడా ఈ వెలుగులో చూడాలి. ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో జనం చేరారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో నిలబడి, అలిసినప్పుడు మారుతూ, మధ్యాహ్నం కాస్త ఆగి, సాయంత్రానికి 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. క్లౌ నీళ్లలో దిగలేదు. ఇంతమందిని ఎలా పరీక్షించారని అమెరికాలో విమర్శలు వచ్చాయి. జవాబు సులభం, బోధకులకు వాళ్లు తెలుసు. ఏ పల్లె జనం ఆ పల్లె బోధకుడి చుట్టూ గుంపుగా కూర్చున్నారు, ఎవరి నడత ఏమిటో చెప్పింది ఆయనే. ఆ ఏడాది చివరికి చేరినవాళ్లు దాదాపు 9,600. విదేశీ మిషనరీ ఒక్కడు ఆ పేర్లన్నీ వినడానికే ఏళ్లు పట్టేది.

అంతా పేరయ్యలే చేస్తే క్లౌ చేసిందేమిటని అడగొచ్చు. వచ్చినవాళ్లను వద్దనకపోవడం, బడిని వదులుకోవడం, కాలువ కాంట్రాక్టు తలకెత్తుకోవడం, బోర్డు గుర్రుమన్నా స్థానికుల పద్ధతిని కాపాడడం. ఒక్కొక్కటి చిన్నగా కనిపిస్తాయి గానీ, అదే శిక్షణతో అదే తీరానికి వచ్చిన ఎంతోమంది చెయ్యలేకపోయిన పనులు. చెయ్యనిది కూడా ఉంది. చేరినవాళ్లలో అత్యధికులు మాదిగలే కావడంతో ఒక కులం మొత్తంగా సంఘంలోకి వచ్చింది, కులాన్ని వెంటబెట్టుకునే వచ్చింది. గుంటూరు వైపు లూథరన్ సంఘాల్లో మాలలు, ఇక్కడ మాదిగలు, ఈ గీత ఇప్పటికీ చెరగలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవంలోకి మారినవాళ్లను షెడ్యూల్డు కులాల జాబితా నుంచి తప్పించింది, ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లను బీసీ-సి కింద పెట్టారు. ఊరు మాత్రం వాళ్లను ఏ జాబితాలోంచీ తప్పించలేదు. తాతల నిర్ణయానికి మనవలు ఇంత ధర చెల్లిస్తున్నప్పుడు, అది కూటి కోసం తీసుకున్న నిర్ణయమని తేల్చెయ్యడం మరీ అన్యాయం.

ఈ కథకు సముద్రం అవతల ఇంకో అధ్యాయం ఉంది, ఒంగోలులోనే తెలిసినవాళ్లు తక్కువ. 1860లో ట్రూరో ఓడతో మొదలై 1911 దాకా మద్రాసు రేవు నుంచి తెలుగు కూలీలు దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు, తేయాకు తోటలకు ఒప్పందం మీద వెళ్లారు. వాళ్లలో బాప్టిస్టులు ఉన్నారు. పాకల్లో తమంతట తామే చేరి ప్రార్థన చేసుకునేవారు, ఒక బోధకుణ్ని పంపమని స్వదేశానికి కబురు పెట్టారు. 1903లో తెలుగు బాప్టిస్టు హోమ్ మిషనరీ సొసైటీ నెల్లూరుకు చెందిన జాన్ రంగయ్యను పంపింది. ఆ సంవత్సరాంతానికి కియర్స్‌నీ తేయాకు తోటలో తెలుగు సంఘం నిలబడింది. అక్కడా ఇదే వరస, పిలిచింది కూలీలు, వెళ్లింది మిషనరీ. రంగయ్య 1915లో పోయాడు, పుస్తకాల్లో ఆయన పేరుంది. ఆయనను పిలిచినవాళ్లు ఎవరో తేల్చాల్సి ఉంది. నేటాల్ ఓడ రిజిస్టర్లలో ప్రతి కూలీకీ నంబరు, తండ్రి పేరు, కులం, ఊరు రాసి ఉన్నాయి. ఒంగోలు 1904 దాకా నెల్లూరు జిల్లాలో తాలూకా, కాబట్టి వెతకాల్సింది ఎక్కువగా ఆ జిల్లా పేరు కిందే. ఆ పేజీల్ని ఒంగోలు సంఘాల పాత పట్టికలతో కలిపి చూసే పని తెలుగు చరిత్రకారులెవరైనా ఇప్పుడైనా తలపెట్టొచ్చు.